ఎవరి బొగ్గు, ఎవరి లెక్క

పారిస్ ఒప్పందం మొత్తం 29 అధికరణాలు. 2015 డిసెంబరు 12న దేశాలన్నీ చప్పట్ల మధ్య ఆమోదించిన ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివినా ఎక్కడా బొగ్గు కనిపించదు. చమురూ కనిపించదు, గ్యాసూ కనిపించదు. భూమి ఎన్ని డిగ్రీలు దాటి వేడెక్కకూడదో ఉంది. ఏ దేశానికి ఆ దేశం ప్రకటించుకునే లక్ష్యాలున్నాయి, అయిదేళ్ళకోసారి లెక్క చూసుకునే ఏర్పాటుంది, డబ్బు సంగతులున్నాయి. తగలబడుతున్నదేమిటో మాత్రం లేదు. శుభలేఖలో ముహూర్తం, వేదిక, విందు అన్నీ అచ్చువేసి పెళ్ళికొడుకు పేరు వదిలేసినట్టు.

ఆ కాగితాన్ని చదవడం, చదివించడం, దాని మీద వ్యాసాలు రాయడం నా వృత్తి. అంతర్జాతీయ ఇంధన చట్టం, వాతావరణ చట్టం అని దానికి రెండు పేర్లు. పుట్టింది మాత్రం ఇల్లందు నుంచి కొత్తగూడెం వెళ్ళే రోడ్డు మీద, టేకులపల్లిలో. ఒకవైపు అడవి, పోడు, పత్తి చేలు. ఇంకోవైపు కోయగూడెం ఓపెన్‌కాస్ట్. అంత పేరు మా వైపు ఎవరూ పలకరు, ఓసీ అంటే చాలు. బ్లాస్టింగ్ అయినప్పుడు గోడకు తగిలించిన దేవుడి పటాలు గడగడమనేవి. వాన వెలిశాక ఊరి బయటికొస్తే, ఎప్పటి నుంచో ఉన్న గుట్టల పక్కన తవ్విపోసిన మట్టితో లేచిన కొత్త గుట్టలు కనిపిస్తాయి. అవి మ్యాపుల్లో ఉండవు, ఎండాకాలం ఇళ్ళలోకి దుమ్మై వస్తాయి.

మా మేనమామ ఆ ఓసీలో డంపర్ నడిపి దిగిపోయాడు. నేనేం చదువుతున్నానో, ఏం చెబుతున్నానో ఆయనకు ఎన్నిసార్లు వివరించినా ప్రతి దసరాకూ కొత్తగా అడుగుతాడు.

“వాతావరణం మీద చట్టమా అల్లుడూ? వాన పడకపోతే ఎవరి మీద కేసేస్తరు?”

నవ్వులాటకే అడుగుతాడు గానీ మా రంగంలో ఇంతకన్నా గట్టి ప్రశ్న లేదు. ఎవరి మీద వేయాలి, వేసే హక్కు ఎవరికుంది? ముప్పై ఏళ్ళుగా సదస్సుల్లో, కోర్టుల్లో, నాలాంటి వాళ్ళ వ్యాసాల్లో నలుగుతున్నది ఇదొక్కటే.

1992లో రియోలో ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒడంబడిక కుదిరినప్పుడు ఒక జవాబు ఖాయమైంది. ఈ బరిలో ఆడేది దేశాలు. పొగ వదిలేది దేశం, తగ్గించేది దేశం, నష్టపోయేది దేశం, మాట ఇచ్చేది దేశం. దాంతోపాటు ఇంకో సూత్రమూ ఖాయమైంది. బాధ్యత అందరిదీ, కానీ అందరికీ ఒకే పాళ్ళలో కాదు. ముందుగా కాల్చి బాగుపడినవాళ్ళు ముందుగా తగ్గించాలి, వెనక వచ్చినవాళ్ళకు ఊపిరి తీసుకునే సందు ఇవ్వాలి. ఈ సూత్రాన్ని పట్టుకుని నిలబడ్డ దేశాల్లో భారత్‌ది ముందువరస. 1850 నుంచి ఇప్పటిదాకా గాలిలోకి చేరిన కార్బన్ డయాక్సైడ్‌లో మన వాటా నాలుగు శాతం లోపే. ప్రపంచ జనాభాలో మనం ఆరో వంతుకు పైన. తలసరి లెక్క తీస్తే ఒక అమెరికా పౌరుడు ఏడాదికి వదిలేదానిలో మనవాడిది ఏడో వంతు. 2024 డిసెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం ముందు మన ప్రభుత్వం చెప్పింది కూడా స్థూలంగా ఇదే: చరిత్ర చూడండి, ఎవరు కాల్చారో చూడండి, అప్పుడు బాధ్యత పంచండి.

న్యాయమైన వాదన. నేను తరగతిలో చెబుతాను, నమ్మే చెబుతాను. నన్ను తినేది వేరే. దేశం పొలిమేర దాటి బయటికి వెళ్ళినప్పుడే ఈ వాదనకు నోరు లేస్తుంది. తిరిగొచ్చి విమానం దిగగానే మూగపోతుంది. హేగ్‌లో భారత్ యూరప్‌తో అన్న మాటనే టేకులపల్లి హైదరాబాద్‌తో అంటే? మా కింది బొగ్గు మీరు కాల్చుకున్నారు, ఆ కరెంటు మీరు వాడుకున్నారు, బూడిద మాకు వదిలారు, చరిత్ర చూడండి, అప్పుడు బాధ్యత పంచండి అంటే? వినే కోర్టు లేదు. అడిగే హక్కు ఎవరిదో రాసిన కాగితమూ లేదు. తలసరి సగటు అనే ఆ ఒక్క అంకె కింద, రెండు ఏసీలు రాత్రంతా నడిచే గచ్చిబౌలి ఫ్లాటూ, ఒక బల్బు వెలిగే కోయ గూడెమూ చక్కగా సర్దుకుని కూర్చుంటాయి. బయట మన పేదరికాన్ని వాదనగా చూపించేది ఆ గూడెం లెక్కతోనే. దాని వల్ల దొరికిన వెసులుబాటు వాడుకునేది ఆ ఫ్లాటు.

ఎవరు కాల్చారు అన్న చరిత్ర మా వైపు కాస్త స్పష్టంగానే ఉంటుంది. 1871లో జియలాజికల్ సర్వే తరఫున విలియం కింగ్ వచ్చి ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. ఇల్లందును ఈ రోజుకీ బొగ్గుట్ట అనే పిలుస్తారు ముసలివాళ్ళు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1889 నుంచి బొగ్గు బయటికి రావడం మొదలైంది. పక్కనున్న సింగరేణి అనే చిన్న ఊరి పేరు 1920లో కంపెనీ పేరైంది, 1945లో నిజాం సర్కారు ఆ కంపెనీని కొనేసింది. బొగ్గు రైళ్ళను లాగింది, మిల్లులను తిప్పింది, తర్వాత పాల్వంచలో కరెంటైంది. ఆ కరెంటు కోసం కిన్నెరసాని మీద డ్యాం కట్టారు. అడవి మధ్య ఆ నీళ్ళు ఎంత అందంగా ఉంటాయో ఫొటోలు తీసుకునే ప్రతివాడికీ తెలుసు. అవి ముందుగా థర్మల్ స్టేషన్ కోసం ఆపిన నీళ్ళని ఎవరూ ఫొటో కింద రాయరు.

ఇప్పుడు 2021 సంగతి. ఆ ఏడాది చివరి రెండు నెలలు నాకు పెద్ద పాఠ్యపుస్తకం.

నవంబరు మొదటి రోజున గ్లాస్గో వాతావరణ సదస్సులో మన ప్రధాని 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని ప్రకటించారు. పదమూడో తేదీన, సదస్సు గడువు దాటిపోయాక, తుది తీర్మానంలో బొగ్గు పేరు మొదటిసారి అచ్చుకెక్కింది. మొదటి ముసాయిదాల్లో బొగ్గు కరెంటుకు పూర్తిగా స్వస్తి పలకాలని ఉండగా, ఆఖరి నిమిషంలో మన పర్యావరణ మంత్రి లేచి, స్వస్తి కాదు, తగ్గించుకుంటూ పోవడం అని మార్పించారు. చైనా వెనక నిలబడింది. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ, ఆగ్రాలో పుట్టిన బ్రిటిష్ మంత్రి, క్షమించమంటూ గొంతు పూడుకుపోయి కాసేపు మాట్లాడలేకపోయారు. ప్రపంచం మన మీద విరుచుకుపడింది. చమురు, గ్యాసు ఊసెత్తకుండా బొగ్గొక్కటే పట్టుకోవడం బీద దేశాల ఇంధనాన్ని మాత్రమే దోషిని చేయడం కదా అని మనవైపు నుంచి జవాబు వచ్చింది. అందులోనూ పస ఉంది. రెండేళ్ళ తర్వాత దుబాయ్‌లో గానీ శిలాజ ఇంధనాలన్నిటినీ కలిపి ఒక వాక్యంలో పెట్టలేకపోయారు.

సరిగ్గా నెల తిరగకుండా, డిసెంబరు 9, 10, 11 తేదీల్లో సింగరేణి స్తంభించింది. యూనియన్లన్నీ జెండాలు పక్కన పెట్టి ఒకటై సమ్మె చేశాయి. కారణం, కేంద్రం వేలానికి పెట్టిన బొగ్గు బ్లాకుల జాబితాలో సింగరేణి ప్రాంతానివి నాలుగున్నాయి: సత్తుపల్లి-3, శ్రావణపల్లి, కళ్యాణిఖని-6, కోయగూడెం-3. చివరిది మా మండలానిది. గ్లాస్గోలో తగ్గిస్తామన్న చేయే ఢిల్లీలో కొత్త బ్లాకులు వేలం వేస్తోంది. కోయగూడెం గేటు దగ్గర కార్మికులు అడిగింది బొగ్గు ఆపమని కాదు. బొగ్గు మాకివ్వండి, ప్రైవేటుకు వద్దు అని. మూడు చోట్ల మూడు పక్షాలు, బొగ్గు భూమిలోనే ఉండిపోవాలన్న పక్షం ఒక్కటీ లేదు. నేను ఏ పక్షం? వాతావరణ చట్టం చెప్పేవాడిగా ఆ బ్లాకు ఎవరికీ పోకూడదనాలి. అక్కడి మనిషిగా, పోతే గీతే సింగరేణికే పోవాలంటాను. రెండు నోళ్ళతో రెండు మాటలు. ఇందులో నాకు సిగ్గేమీ లేదు. గ్లాస్గోకు వెళ్ళిన ప్రతి ప్రతినిధి బృందానిదీ అదే స్థితి.

ఆ సమ్మె నినాదాన్ని న్యాయశాస్త్రంలోకి తెచ్చి చూస్తే పాత మిత్రుడే ఎదురవుతాడు. 1962 డిసెంబరు 14న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ 1803వ నంబరు తీర్మానం చేసింది. సహజ వనరుల మీద శాశ్వత సార్వభౌమాధికారం ప్రజలకు, జాతులకు ఉంటుందని. వలస పాలన నుంచి బయటపడ్డ దేశాలు, మా నూనె మాది, మా రాగి మాది అని విదేశీ కంపెనీల ముందు నిలబడటానికి దాన్ని ఆయుధం చేసుకున్నాయి. తీర్మానంలో ప్రజలు అని ఉంది. ఆచరణలో ఆ కుర్చీలో ప్రభుత్వాలు కూర్చున్నాయి. కోయగూడెం గేటు దగ్గర పట్టిన ప్లకార్డు 1803 తీర్మానమే, కాకపోతే హక్కుదారు మారాడు. దేశం కాదు, మా కంపెనీ, మా ప్రాంతం, మా పిల్లల ఉద్యోగాలు. ఇంకో మెట్టు దిగితే ఇంకో హక్కుదారు ఉన్నాడు. ఓసీకి ముందు ఆ నేల మీద తునికాకు కోసినవాడు, ఇప్పపువ్వు ఏరినవాడు. ఆయన ఏ జెండా కిందా లేడు.

మూడో మెట్టు మీది ఆ మనిషికి ఒకసారి మన సుప్రీంకోర్టు కుర్చీ వేసింది. అది మన తెలుగు నేల మీది కేసే. అప్పటి విశాఖ జిల్లా బొర్రా గుహల చుట్టుపక్కల ఏజెన్సీ భూముల్లో ప్రైవేటు గనులకు ప్రభుత్వం లీజులిస్తే సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న తీర్పు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీ భూమి గిరిజనేతరుడికి పోకూడదు కదా, ప్రభుత్వం కూడా ఆ నిషేధానికి కట్టుబడాల్సిందే, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజులు చెల్లవు అంది. ప్రభుత్వరంగ సంస్థలు, గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చంది. మూడో వాక్యం చాలామంది మరిచిపోయారు: తవ్వే సంస్థ నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి గిరిజనుల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలి, బడులకు, వైద్యానికి, రోడ్లకు. అదే ఏడాది డిసెంబరులో జపాన్‌లోని క్యోటోలో ధనిక దేశాలు ఎంతెంత తగ్గించాలో ఒప్పందం కుదిరింది. నాకు ఈ రెండూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. ముందే అనుభవించినవాడు ముందే చెల్లించాలని రెండూ అన్నాయి, ఒకటి దేశాల మధ్య, ఇంకోటి దేశం లోపల. క్యోటో మీద ప్రపంచమంతా పుస్తకాలు రాసింది. సమత తీర్పును వాతావరణ చట్టం కింద చదివినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. బొగ్గు విషయంలో కేంద్రానికి విడి చట్టాలున్నాయి కాబట్టి కోయగూడెం-3కి సమతను నేరుగా తగిలించడం అంత తేలిక కాదు. అయినా చదవాల్సింది అక్కడే.

మా పాత ఖమ్మం జిల్లా పేరు అంతర్జాతీయ వాతావరణ రికార్డుల్లో లేదనుకునేరు. ఉంది. క్యోటో ఒప్పందం కింద క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం అని ఒక ఏర్పాటు ఉండేది. బీద దేశంలో పొగ తగ్గించే పని చేస్తే దానికి క్రెడిట్లు వస్తాయి, ధనిక దేశంవాడు కొనుక్కుని తన ఖాతాలో రాసుకోవచ్చు. 2009లో అందులో నమోదైన ప్రాజెక్టుల్లో ఒకటి ఐటీసీ సామాజిక అడవుల పథకం. ఖమ్మం జిల్లాలో బాగా సారం కోల్పోయిన దాదాపు మూడువేల హెక్టార్ల రైతుల నేలల్లో చెట్లు పెంచడం. ఏ చెట్లో మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు: జామాయిల్, సుబాబుల్. కలప సారపాక పేపరు మిల్లుకు, పీల్చిన కార్బన్ లెక్క జర్మనీలోని బాన్‌లో ఉండే రిజిస్టర్‌కు. అదే జిల్లా కింద నుంచి అదే ఏడాది తవ్విన బొగ్గు ఏ ఊరిదో చెప్పే రిజిస్టర్ ఎక్కడా లేదు. చెట్టుకు చిరునామా ఉంది, బొగ్గుకు లేదు.

అంతకు ముందు, 2003లో, ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ అనే గోండు గూడెంలో మహిళా సంఘాలు కానుగ గింజల నూనెను డీజిలుకు బదులు వాడే పని పెట్టుకున్నాయి. అలా ఆదా అయ్యే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించింది. ఆ రోజుల్లో పెద్ద వార్త. నేను ఒకసారి పాఠం మధ్యలో బోర్డు మీద లెక్క వేశాను. పాల్వంచలో 800 మెగావాట్ల ఏడో దశ యూనిట్ పూర్తి లోడుతో నడిస్తే, మెగావాట్ అవర్‌కు 0.9 టన్ను చొప్పున, 147 టన్నులు వదలడానికి పట్టేది పావుగంట లోపే. ఆ చెక్కు చూసుకుని మురిసిపోయిన ఆడవాళ్ళను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. వాళ్ళ వంతు ఎప్పుడో, అడక్కుండానే, చెల్లించేశారు.

నా రంగంలోని రెండు సగాలకూ బలం సమానంగా లేదు. ఇంధన చట్టం అనే సగానికి డబ్బు కక్కించే సత్తా ఉంది. పీపర్‌వార్ బొగ్గు గని విషయంలో కోల్ ఇండియాతో తగాదా పడ్డ వైట్ ఇండస్ట్రీస్ అనే ఆస్ట్రేలియా కంపెనీ, మన కోర్టుల్లో ఏళ్ళ తరబడి కేసు తేలకపోవడమే తనకు అన్యాయమని మన దేశం మీద అంతర్జాతీయ మధ్యవర్తిత్వానికి వెళ్ళి 2011లో గెలిచింది. సుమారు 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. పెట్టుబడి ఒప్పందం మన మీద మొదటిసారి కొట్టిన దెబ్బ అది. 2030 కల్లా బొగ్గు కరెంటు ఆపేస్తామని నెదర్లాండ్స్ చట్టం చేస్తే ఆర్‌డబ్ల్యూఈ అనే జర్మన్ కంపెనీ 2021లో ఇంధన ఛార్టర్ ఒడంబడిక కింద 140 కోట్ల యూరోలు ఇమ్మని దావా వేసింది, తర్వాత ఉపసంహరించుకుంది. గని తెరిచినా, మూసినా, ఆలస్యమైనా కంపెనీకి వెళ్ళడానికో తలుపుంది.

వాతావరణ చట్టం అనే రెండో సగం? 2019లో పసిఫిక్ దీవుల్లో కొందరు లా విద్యార్థులు తరగతి గదిలో మొదలుపెట్టిన ఆలోచనను వనువాటు ప్రభుత్వం ఎత్తుకుని, సర్వసభ్యసభ దాకా మోసి, 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం నుంచి అభిప్రాయం తెప్పించింది. న్యాయమూర్తులంతా ఏకగ్రీవం. వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధమైన విధి. శిలాజ ఇంధనాల ఉత్పత్తి, వాడకం, అన్వేషణ లైసెన్సులు, సబ్సిడీలు కూడా అంతర్జాతీయ తప్పిదం కిందికి రావచ్చు. లైసెన్సులు అన్న చోట నాకు కోయగూడెం-3 గుర్తుకు రాకపోతే నేను ఎక్కడ పుట్టినట్టు? ఆ ఉత్సాహంలో మామయ్యకు ఫోన్ చేశాను.

“అయితే ఓసీలు మూస్తరా?”

“లేదు మామా. అది తీర్పు కాదు, సలహా.”

“సలహా ఇయ్యనీకి అంత దూరం కోర్టెందుకురా, నేను లేనా?”

మన సుప్రీంకోర్టు 2024 మార్చిలో, బట్టమేక పిట్ట కేసులో, వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం ప్రతి పౌరుడి హక్కు అని రాజ్యాంగం 14, 21 అధికరణాల కిందికి తెచ్చింది. మంచి మాట. ఆ కేసు అసలు సంగతి రాజస్థాన్, గుజరాత్ ఎడారుల్లో సోలార్ కరెంటు తీగలకు పిట్టలు తగిలి చావడం. హక్కు ప్రకటించింది, తీగల మీద అంతకుముందు పెట్టిన ఆంక్షలు సడలించింది. స్వచ్ఛమైన కరెంటు కావాలంటే ఎవరో ఒకరు జరగాలి, ఈసారి పిట్ట. మా పక్కన పోలవరంలో 960 మెగావాట్ల జల విద్యుత్తు కూడా స్వచ్ఛమైనదే, దాని ముంపులో ఉన్న కూనవరం, వేలేరుపాడు వైపు వెళ్ళి ఆ మాట అనడానికే కాస్త ధైర్యం కావాలి.

అంటే చట్టానికి ఇప్పుడు రెండు కళ్ళు. ఒకదానికి దేశం కనిపిస్తుంది, ఒకదానికి పౌరుడు. మధ్యలో ఉన్న ఊరు రెండిటికీ కనిపించదు. ఊరు కనిపించిన సందర్భం మన పక్క ఒడిశాలో ఒకటుంది. 2013లో నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది అక్కడి గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు పల్లెలు కూర్చుని పన్నెండూ వద్దన్నాయి. అటవీ హక్కుల చట్టం ఇచ్చిన బలం అది. అంతర్జాతీయ వాతావరణ సదస్సుల్లో దాన్ని ఎవరూ వాతావరణ తీర్పుగా ఎత్తి చూపరు. కొండ కొండగా మిగిలింది, ఉద్గారాల లెక్కలో దానికి గడి లేదు.

న్యాయమైన పరివర్తన అని పారిస్ ఒప్పందం పీఠికలో ఒక ముక్క ఉంది. బొగ్గు నుంచి తప్పుకునేటప్పుడు కార్మికుణ్ణి రోడ్డున పడేయకండి అని. జర్మనీ 2020లో చట్టం చేసి, 2038 నాటికి బొగ్గు మానేస్తూ, బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోల దాకా కేటాయించింది. ఏ ప్రాంతమో పేరు పెట్టి మరీ రాసింది. అది విద్యార్థులకు చెబుతున్నప్పుడల్లా నాకు ఇల్లందు బజారు గుర్తొస్తుంది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులు. ఇప్పుడు నలభై వేల చిల్లర. బొగ్గేమీ తగ్గలేదు, రెట్టింపు దాటి ఏడాదికి ఏడుకోట్ల టన్నుల దగ్గరికి చేరింది. భూగర్భ గనులు మూసుకుపోయి ఓసీలు వచ్చాయి, మనుషుల చోట షావెళ్ళు, డంపర్లు. ఏ సదస్సూ జరగలేదు, ఏ దేశమూ మాట ఇవ్వలేదు, పీఠికలో ముక్క రాయలేదు. పరివర్తన మాత్రం అయిపోయింది. బొగ్గుబాయిలో దిగే కుటుంబాలతో కిటకిటలాడిన క్వార్టర్లు ఇల్లందులో గోడలు కూలి ఉన్నాయి. మామయ్య తరం వాళ్ళకు వారసత్వ ఉద్యోగాల కోసం చేసిన ధర్నాలు గుర్తున్నాయి. పేర్లు వేరైనా అవి న్యాయమైన పరివర్తన కోసం చేసినవే. గని మూసినప్పుడు పాటించాల్సిన నిబంధనలు 2009 నుంచీ ఉన్నాయి. విడిగా ఎస్క్రో ఖాతాలో డబ్బు కూడా వేయాలి. చదివితే ఎక్కువ భాగం గొయ్యి పూడ్చడం, గట్టు నిలబెట్టడం, మొక్కలు నాటడం.

2024 ఆగస్టులో పాల్వంచ థర్మల్ స్టేషన్ (కేటీపీఎస్) పాత కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేల్చి పడగొట్టారు. క్షణాల్లో కూలిపోయిన ఆ వీడియో లక్షల ఫోన్లు తిరిగింది. మా క్లాసులో ఒక అమ్మాయి దాన్ని బొగ్గు యుగం అంతానికి గుర్తుగా చూపించింది. అప్పటికే ఆ పక్కనే ఏడో దశ యూనిట్ నడుస్తోందనీ, మణుగూరు దగ్గర 1,080 మెగావాట్ల భద్రాద్రి థర్మల్ స్టేషన్ చివరి యూనిట్ 2022 జనవరిలో, గ్లాస్గో తర్వాత రెండు నెలలకు, మొదలైందనీ చెప్పాల్సి వచ్చింది. ఆ స్టేషన్‌ది పాత తరహా సబ్‌క్రిటికల్ టెక్నాలజీ, అంటే అదే కరెంటుకు కాస్త ఎక్కువ బొగ్గు. అనుమతి లేకుండా పనులు మొదలుపెట్టారని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆపింది, 2017లో అనుమతి వచ్చింది. ఇంకో పాతికేళ్ళు అది నడుస్తుంది. ఇంకోవైపు బొగ్గు తవ్వే సింగరేణే ఇల్లందులో 39 మెగావాట్ల సోలార్ ప్లాంటూ పెట్టింది. రెండూ నిజమే. సోలార్ పలకలు తుడవడానికి ఎంతమంది కావాలో, ఓసీకి ఎంతమంది కావాలో ఇల్లందులో ఏ కుర్రాణ్ణడిగినా చెబుతాడు.

వీటన్నిటి మీద నేను ఇప్పుడు రాస్తున్న వ్యాసంలో ఒక ప్రతిపాదన ఉంది. దేశాల మధ్య వాడే చారిత్రక బాధ్యత సూత్రాన్ని దేశం లోపలికి తీసుకురావచ్చు, దానికి కొత్త చట్టం అక్కర్లేదు, సమత తీర్పులోని 20 శాతం, గ్రామసభ అధికారం కలిపి చదివితే చాలు అని. ఇప్పుడున్న జిల్లా మినరల్ ఫౌండేషన్ రాయల్టీలో కొంత భాగం వసూలు చేస్తుంది నిజమే, కానీ దాని కొలమానం జిల్లా. జిల్లా అంటే మణుగూరు నుంచి అశ్వారావుపేట దాకా. ఓసీ పక్కన ఉన్న గూడేన్ని అది ఏ మేరకు చూస్తుంది? కొలమానం ఊరు కావాలి, లెక్క గ్రామసభ ముందు తేలాలి అని రాశాను. రాసి, మొన్న ఊరికి పోయినప్పుడు అరుగు మీద నలుగురి ముందు గొప్పగా చెప్పాను.

ముందుగా మామయ్యే అందుకున్నాడు. “20 శాతం ఎవరికిస్తరు? భూమి పోయినోళ్ళకా, పని పోయినోళ్ళకా?”

భూమి పోయినోళ్ళు కోయలు, వాళ్ళకే అన్నాడు ఒకాయన. దుమ్ము పీల్చేది మా తండా, మాకు రావా అన్నాడు ఇంకొకాయన. గొయ్యి కోయగూడెంలో ఉంటే మట్టిగుట్ట మా శివారులో పోశారు, గొయ్యికి డబ్బులిచ్చి గుట్టకు ఇవ్వరా అని మూడో ఊరాయన లేచాడు. టేకులపల్లిలో కిరాయికి ఉంటున్న ఓబీ (బొగ్గు మీది మట్టి తీసే) కాంట్రాక్టు డ్రైవర్, పక్క రాష్ట్రం నుంచి వచ్చినవాడు, తనకు గ్రామసభలో ఓటుందా లేదా అని అడిగాడు. ఆ మాటకు అందరూ కలిసి లేదన్నారు. సాయంత్రమంతా ఆ నలుగురూ ఒప్పుకున్న విషయం అదొక్కటే.